దయ్యానికి భయమేస్తే ఎవరితో చెప్పుకోవాలి?

మాది నగరం. ఈ మాట అనగానే ఎదుటివాళ్ళు, "ఏ నగరమండీ? విజయవాడా, హైదరాబాదా?" అని అడుగుతారు. కాదు మహాప్రభో, మా ఊరి పేరే నగరం! రేపల్లెకు చేరువలో కాలవలూ, వరిచేలూ పక్కన పెట్టుకుని కూర్చున్న ఊరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు గుంటూరు జిల్లాలోంచి బాపట్ల జిల్లాలోకి వచ్చిపడ్డాం. జిల్లా మారింది గానీ దోమలు మారలేదు.

అలాంటి మా నగరానికి ఈ సంక్రాంతి సెలవుల్లో నగర నాగరికత నడిచి వచ్చింది. ఎగ్జిబిషను! ఒక జెయింట్ వీలు, ఒక రంగులరాట్నం, మిరపకాయ బజ్జీలు, పళ్ళెమంత ఢిల్లీ అప్పడాలు, ఏది తీసుకున్నా ఒకటే ధర అని అరిచే ప్లాస్టిక్ సామాను దుకాణం. అన్నిటికంటే చివర నల్లటి పట్టాలు కట్టిన డేరా. దాని ముందు నోరు తెరుచుకున్న పుర్రె బొమ్మ, పక్కన బోర్డు: "భయంకర భూత్ బంగళా. టిక్కెట్టు 50 రూపాయలు. గుండెజబ్బు వాళ్ళు, గర్భిణీ స్త్రీలు లోపలికి రాకూడదు."

"అత్తా, అత్తా, అందులోకి పోదాం!" అంటూ మా అన్నయ్య కూతురు చిన్ని నా కొంగు పట్టుకు లాగింది. దానికి ఎనిమిదేళ్ళు. వదిన, "రాత్రి పక్క తడిపితే నువ్వే ఉతుకుతావా?" అంది నాతో. ఉతకడానికి సిద్ధపడే వెళ్ళాను. నాకూ చూడాలనే ఉంది మరి. నవలలు రాసేదాన్ని, ఏ దయ్యం ఎప్పుడు పనికొస్తుందో ఎవరికి తెలుసు!

లోపల పెట్టుబడి ఎంతో చూడగానే తెలిసిపోయింది. వెదురుగడలకు కట్టిన నల్లపట్టాల మధ్య ఒక మనిషి పట్టే సందు. ఎర్ర బల్బులు, థర్మోకోల్ పుర్రెలు, కొబ్బరిపీచు జుట్టు. సినిమాల్లో మంచులా కమ్ముకునే పొగకు బదులు సాంబ్రాణి పొగ. సాంబ్రాణి వేస్తే దయ్యాలు పారిపోతాయని మా నాయనమ్మ చెప్పేది. ఇక్కడ దయ్యాలే వేసుకుంటున్నాయి! ఎవరిదో సెల్‌ఫోను నుంచి స్పీకర్లో ఊళలు వినిపిస్తున్నాయి. మధ్యలో ఆ ఫోనుకు కాల్ వచ్చినట్టుంది, ఊళ ఆగిపోయి హుషారైన సినిమా పాట మోగింది. చీకట్లో ఎవరో "ఒరేయ్, కట్ చెయ్‌రా" అన్నారు. మళ్ళీ ఊళ.

నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, ముచ్చట కూడా వేసింది. జనాన్ని డబ్బు పుచ్చుకుని భయపెట్టే విద్య ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో 1915లోనే ఆవిరితో కదిలే దయ్యాలకొంప పెట్టారు. అమెరికాలో డిస్నీవారి దయ్యాల భవంతి 1969లో తెరిచారు. కోట్ల డాలర్లు పోసినా, కొబ్బరిపీచు అతికించినా అమ్మే సరుకు ఒకటే. గుండె దడదడలాడాలి, కానీ ఏమీ కాకూడదు. దాంతో నాకు పేచీ లేదు. పేచీ మరోచోట వచ్చింది.

బయటికొచ్చి, చిన్నికి పంచదార పీచుమిఠాయి కొనిచ్చి, దాని భయం పోగొడదామని "ఎన్ని దయ్యాలున్నాయో చెప్పు చూద్దాం" అన్నాను. ఇద్దరం వేళ్ళు ముడిచి లెక్కపెట్టాం. బావి గిలక దగ్గర తెల్లచీరలో ఒకతె. చంకలో పసిబిడ్డ బొమ్మతో, పురిట్లో పోయినామె ఒకతె. ఒళ్ళంతా కాలిన మచ్చలతో పెళ్ళిచీర కట్టుకున్న కొత్త కోడలు ఒకతె. చెట్టుకొమ్మకు వేలాడుతూ ఒకతె. చివరి మలుపులో గజ్జెలు ఘల్లుమనిపిస్తూ, విరగబోసిన జుట్టుతో మీదికొచ్చి కేక వేసిన నిజం మనిషి ఒకతె. ఆరోది మగ అస్థిపంజరం. దానికి నల్లకళ్ళజోడు పెట్టి, నోట్లో సిగరెట్టు దోపారు. పిల్లలందరూ దానికి షేక్‌హాండిచ్చి ఫోటోలు దిగుతున్నారు.

అంటే ఆరింటిలో అయిదు ఆడదయ్యాలు. భయపెట్టేవి అవే. మగ దయ్యం హాస్యనటుడు!

ఇంతవరకూ నాకిది ఎందుకు తట్టలేదా అనుకున్నాను. అసలీ ఆడదయ్యం చేసే ఘోరం ఏమిటో ఒక్కసారి చూడండి. జుట్టు విరబోసుకుంటుంది. గట్టిగా నవ్వుతుంది. అర్ధరాత్రి ఒంటరిగా తిరుగుతుంది. అడుగు వేస్తే గజ్జెలు మోగుతాయి. మగవాణ్ణి పేరుపెట్టి పిలుస్తుంది. అంతే కదా? ఇప్పుడు మీ చిన్నతనం గుర్తు తెచ్చుకోండి. "దీపాలు పెట్టే వేళ జుట్టు విరబోసుకోకే, దయ్యంలా!" "ఏమిటా నవ్వు, దయ్యం పట్టినట్టు!" "ఆ అడుగుల చప్పుడేమిటే?" "పొద్దుపోయాక గడప దాటకు." నవ్వే ఆడదాన్ని నమ్మకూడదని సామెత కూడా కట్టిపెట్టారు. మన బామ్మలూ అమ్మలూ ఏమేం చెయ్యొద్దన్నారో అవన్నీ ఒక కాగితం మీద రాసి, తెల్లచీర చుట్టి నిలబెడితే దయ్యమైంది. బతికుండగా దొరకని స్వేచ్ఛ చచ్చాకైనా దొరికిందనుకుంటే, దాన్ని చూసి భయపడమని పిల్లలకు టిక్కెట్టు కొనిపెడుతున్నాం.

"మగ దయ్యాలు మాత్రం లేవా?" అంటారేమో. లేకేం! వాటి హోదా వేరు. బ్రహ్మరాక్షసుడున్నాడు. పూర్వజన్మలో గొప్ప పండితుడు. చచ్చినా పాండిత్యం వదల్లేదు, రావిచెట్టు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను ప్రశ్నలడుగుతాడు. భేతాళుడున్నాడు. ఆయన సంగతి మా వైపు వాళ్ళకు వేరే చెప్పాలా? "చందమామ"ను 1947లో నాగిరెడ్డిగారితో కలిసి స్థాపించిన చక్రపాణిగారిది మా తెనాలే. దశాబ్దాల తరబడి ఆ పత్రికను కలంతో మోసిన కొడవటిగంటి కుటుంబరావుగారిదీ తెనాలే. విక్రమార్కుడి భుజం మీద శవంలో ఉండి భేతాళుడు ఏం చేసేవాడు? కథ చెప్పేవాడు, ధర్మసందేహం అడిగేవాడు, జవాబు విని తర్కించేవాడు. చదువు, తెలివి, వాదన అన్నీ మగ దయ్యానివి. ఆడదయ్యానికి మిగిలింది కేక. చచ్చాక కూడా మనకు చదువు చెప్పించలేదన్నమాట!

అంతెందుకు, విఠలాచార్యగారి "జగన్మోహిని" 1978లో వచ్చింది. మంత్రాలూ మాయలూ తక్కువ ఖర్చుతో తీయడంలో ఆయనకు ఆయనే సాటి. అందులో మోహిని కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. హాలంతా నోళ్ళు తెరిచి చూశారట. నాకు మాత్రం ఆ దృశ్యం చూసినప్పుడల్లా వేరే ఆలోచన వస్తుంది. దయ్యమైనా వంట తప్పలేదే పాపం! 2005లో వచ్చిన "చంద్రముఖి" తీసుకోండి. నాట్యకత్తె ప్రేమించినవాడి తల నరికించి, ఆమెను నిలువునా తగలబెట్టించింది రాజు. కానీ జనం వణికింది చంద్రముఖిని చూసి. ఆ రాజుగారి "లకలకలక" మాత్రం చిన్నపిల్లలు ముద్దుగా అనుకరించే ఆటయింది.

మళ్ళీ మా డేరాలోకి వద్దాం. బావిలో పడ్డ మనిషి ఎందుకు పడింది? కొత్త కోడలి ఒంటికి మంట ఎలా అంటుకుంది? ఒకప్పుడు వారం వారం "స్టవ్ పేలి వివాహిత మృతి" అని వార్తలు వచ్చేవి. ఆ స్టవ్వులు కోడళ్ళ దగ్గరే ఎందుకు పేలతాయో, అత్తల దగ్గరా ఆడబిడ్డల దగ్గరా ఎందుకు పేలవో అడగలేక అడగలేక దేశం చివరికి 1983లో ఒక సెక్షను, 1986లో మరో సెక్షను చట్టంలో చేర్చుకుంది. ఇన్ని సందులు కట్టినవారు ఆమెను తగలబెట్టినవాడికి ఒక్క గది కట్టలేదే? హతురాలిని చూపించి భయపడమంటున్నారు. హంతకుడు ఎక్కడ? టిక్కెట్టు కొనుక్కుని మనతోపాటు వరసలో నిలబడ్డాడా?

డేరా యజమానిని ఇదే అడిగాను, కాస్త మెత్తగా. ఆయన నవ్వి, "ఆడదయ్యం లేకపోతే టిక్కెట్లు తెగవమ్మగారూ" అన్నాడు. చెడ్డవాడేం కాదు. వాన పడితే పట్టాలు తడుస్తాయి, గాలి వస్తే గడలు విరుగుతాయి, ఊరూరా తిరిగి పొట్టపోసుకునే మనిషి. కానీ ఆ మాట నిజం కాదని నా వాదన. 2009లో "అరుంధతి" వచ్చింది. అందులో పీడించే పిశాచం మగవాడు, ఎదిరించి నిలిచింది ఆడది. జనం విరగబడి చూశారు. తెగని టిక్కెట్లంటూ లేవు, మన ఊహకే దారిద్ర్యం.

ఆయనతో మాట్లాడుతుండగానే డేరా వెనకనుంచి ఒక అమ్మాయి వచ్చి బిందెలో నీళ్ళు ముంచుకు తాగింది. పందొమ్మిదీ ఇరవై ఏళ్ళుంటాయి. ముఖానికి తెల్ల పౌడరు, కళ్ళ కింద కాటుక, అంచు బురదైన తెల్లచీర. చివరి మలుపులో కేక వేసిన దయ్యం! గొంతు బొంగురుపోయి ఉంది.

"రోజంతా అరిస్తే గొంతు ఏం కావాలి తల్లీ, ఉప్పునీళ్ళు పుక్కిలించు" అన్నాను. "అలవాటేనమ్మా" అంది. "జనం భయపడి మీద పడితే దెబ్బలు తగలవూ?" అని అడిగాను.

ఆ పిల్ల యజమాని అటు వెళ్ళేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. "భయపడేవాళ్ళతో బాధ లేదమ్మా. భయపడనివాళ్ళతోనే. అయిదారుగురు కుర్రాళ్ళు కలిసి వస్తారు. ఆ సందులో నేను వెనక్కి పోవడానికి చోటుండదు. చీకటి కదా, ఎవరి చెయ్యో తెలీదు."

నాకు నోట మాట రాలేదు. కాసేపటికి, "మరి కేక వెయ్యకపోయావా?" అన్నాను.

"కేకెయ్యడమే కదమ్మా నా పని! నేను నిజంగా కేకేసినా, బాగా చేస్తోందనుకుంటారు. ఇంకా నవ్వుతారు."

నా వెనక చిన్ని పీచుమిఠాయి తింటూ నిలబడి ఉంది. అది విన్నదో లేదో నాకు తెలియదు. నేను మాత్రం ఆ మాట విన్న చోటే ముప్ఫై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయాను. తెనాలిలో చదువుకునే రోజుల్లో స్నేహితురాళ్ళతో కలిసి ఒక దయ్యం సినిమాకు వెళ్ళాను. తెర మీద తలుపు కిర్రుమంటూ తెరుచుకుంటోంది. వెనక సీటులోంచి ఒక చెయ్యి నా నడుం మీదికి వచ్చింది. కెవ్వున అరిచాను. హాలు హాలంతా నవ్వింది. "అమ్మాయిగారు జడుసుకున్నారురోయ్" అని ఎవడో అరిచాడు. పక్కనున్న స్నేహితురాలు కూడా నవ్వింది. ఎందుకు అరిచానో ఆ రోజు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. ఇదే మొదటిసారి చెప్పడం. నా కేకా అంతే, బాగా చేసిందనుకున్నారు.

ఇంటికి వచ్చాం. అసలు కథ ఆ రాత్రి జరిగింది.

మా ఇంట్లో పెద్దమ్మ ఉంది, మా నాన్నగారి అన్నగారి భార్య. ఎనభై దాటాయి. ఇరవై రెండో ఏట పెదనాన్న పోయాడు. అప్పటినుంచీ తెల్లచీరే. చిన్నికి ప్రాణం ఆవిడంటే. రోజూ మామ్మ పక్కలోనే పడుకుని కథలు చెప్పించుకుంటుంది. ఆ రాత్రి పెద్దమ్మ తలకు పోసుకుని, జుట్టు ఆరేసుకుంటూ, గ్లాసుతో పాలు తెచ్చింది. గదిలో చిన్న దీపం. మగతలో ఉన్న చిన్ని కళ్ళు తెరిచి చూసింది. గుమ్మంలో తెల్లచీర, భుజాల మీద విడిపోయిన తెల్లజుట్టు. అది పెట్టిన కేకకు ఇల్లంతా లేచింది. నా మెడ కరుచుకుపోయి, "మామ్మను పొమ్మను, పొమ్మను!" అంటూ ఏడ్చింది.

పెద్దమ్మ పాలగ్లాసు కిటికీలో పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయింది.

పిల్ల నిద్రపోయాక వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. "చిన్నపిల్ల పెద్దమ్మా, ఏమీ అనుకోకు. ఆ దిక్కుమాలిన డేరా చూసి జడుసుకుంది" అన్నాను. ఆవిడ నవ్వింది. "దాన్నేమంటానే! చిన్నపిల్ల కాబట్టి కేకేసింది. పెద్దవాళ్ళయితే కేక వెయ్యకుండా పక్కకు తప్పుకుంటారు. అంతే తేడా."

ఆ మాటతో నా తల వాలిపోయింది. ఎందుకంటే నేనెరిగిన నాటినుంచీ పెద్దమ్మ ఎవరైనా ఊరికి బయల్దేరుతుంటే తలుపు చాటుకు వెళ్ళిపోతుంది, ఎదురు రాకూడదని. ఎవరూ చెప్పక్కర్లేదు, తనకు తనే వెళ్ళిపోతుంది. నా పెళ్ళిలో మంగళసూత్రధారణ వేళ ఆవిడ వంటింట్లో ఉండిపోయింది. నన్ను ఎత్తుకు పెంచిన మనిషి! నేను బి.ఏ. చదువుకున్నాను, స్త్రీ స్వేచ్ఛ మీద అప్పటికే రెండు కథలు రాశాను. "పెద్దమ్మా, నువ్వొచ్చి అక్షింతలు వెయ్యి" అని మాత్రం పిలవలేదు. ఆ డేరాలో దయ్యాలకొంప ఇవాళ కట్టారు. మన ఇళ్ళల్లో అది ఎప్పటినుంచో ఉంది, టిక్కెట్టు లేదంతే.

వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. మా గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదానికేతనం పెట్టి ఆడపిల్లలకు చదువు చెప్పించారు. ఆ రోజుల్లో కొన్ని కులాల్లో భర్త పోయిన పిల్లకు తల గొరిగించేవారు. తెల్లచీర దయ్యానికి మోకాళ్ళ దాకా జుట్టు పెట్టిన మహానుభావుడెవరో గానీ, బతికుండగా తీయించిన జుట్టును చచ్చాక తిరిగి ఇచ్చాడు. ఇచ్చినందుకు సంతోషించాలా, ఆ జుట్టు చూసి జడుసుకోవాలా?

"నీకు దయ్యాలంటే భయం లేదా పెద్దమ్మా?" అని అడిగాను. "1977 ఉప్పెన అప్పుడు ఏటికి ఆ పక్కన దివిసీమలో, ఈ పక్కన మన తీరంలో ఎంతమంది పోయారే! దయ్యాలనేవి ఉంటే ఆ తర్వాత ఇటువైపు మనుషులు నడవడానికి దారుండేదా?" అంది. నవంబరు 19న వచ్చిన ఆ ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారని ప్రభుత్వ లెక్క. ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఇంత సూటి తర్కం తట్టలేదు. భేతాళుడికి జవాబు చెప్పగల మనిషి మా ఇంట్లో తలుపు చాటున ఉంది.

ఇంత చెప్పాక కొందరు, "అదేమిటండీ, సరదాకి పెట్టిన ఆటను పట్టుకుని ఇంత రాద్ధాంతమా?" అంటారని నాకు తెలుసు. ఆట మానమనడం లేదు. ఆటల్లోనే పిల్లలు లోకం నేర్చుకుంటారు, అందుకే మాట్లాడుతున్నాను. ఒంటరిగా ఉన్న ముసలమ్మను చూపించి "చేతబడి చేస్తుంది" అని వేలెత్తే మనుషులు ఆకాశంలోంచి ఊడిపడరు. ఎనిమిదో ఏట నేర్చుకున్న భయమే నలభయ్యో ఏట వేలై లేస్తుంది. ఆడవాళ్ళకు మంత్రగత్తెలని ముద్రవేసి హింసించడాన్ని ఆపడానికి బీహారు 1999లో ప్రత్యేకంగా చట్టం చేసుకోవలసి వచ్చింది. మంత్రతంత్రాల పేరిట జరిగే దారుణాల మీద మహారాష్ట్ర 2013లో చేసింది. సరదా అయితే ఇన్ని చట్టాలెందుకు?

ఇక ఆ డేరాలో పిల్ల సంగతి. అది డేరా కావచ్చు, కొబ్బరిపీచు కావచ్చు, ఆమెకు మాత్రం అది ఆఫీసు. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద వేధింపుల చట్టం 2013లో వచ్చింది. అది ఏసీ గదుల్లో కూర్చునేవాళ్ళకే కాదు. పదిమంది కంటే తక్కువ పనివాళ్ళున్న చోట కమిటీ వెయ్యక్కర్లేదు గానీ, జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి, అక్కడ ఫిర్యాదు తీసుకోవాలి. పనిచోటికి వచ్చిపోయే బయటివాళ్ళనుంచి కూడా రక్షణ కల్పించడం యజమాని బాధ్యతని ఆ చట్టంలోనే ఉంది. చెయ్యి వేసినవాడి మీద పెట్టడానికి 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్లూ ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. ఊరూరా తిరిగే పిల్లకు వాటి సంగతి చెప్పే మనిషి లేదు. చెప్పినా, తన కేకకు సాక్షి లేడు.

తల్లులకు ఒక మాట. ఆ డేరాలోకి గుంపుగా పోయి చెయ్యి వేసే కుర్రాళ్ళు ఏ లోకంనుంచో దిగలేదు. మన కొడుకులే, మన మరుదులే, మన పక్కింటి పిల్లలే. ఆడపిల్లకు "చీకట్లో పోకు" అని వెయ్యిసార్లు చెబుతాం. మగపిల్లాడికి "చీకట్లో చేతులు దగ్గర పెట్టుకో" అని ఒక్కసారైనా చెప్పామా? చీకటంటే ఆడపిల్లకు భయం నేర్పి, అదే చీకటిని మగపిల్లాడికి సెలవుగా ఇచ్చేశాం.

నాలాంటి రచయిత్రులకూ ఒక మాట. నేనూ శుద్ధపూసను కాదు. పదిహేనేళ్ళ క్రితం రాసిన ఒక నవలలో పాడుబడ్డ బంగళా కిటికీలో తెల్లచీర రెపరెపలాడించాను. ఆ వారం ఉత్తరాలు బాగా వచ్చాయి. ఆ చీర ఎవరిదో, ఎందుకు తెల్లబడిందో మాత్రం రాయలేదు. తీరా చూస్తే అది మా పెద్దమ్మ చీరే.

మర్నాడు సాయంత్రం పెద్దమ్మ ఉన్నట్టుండి, "నన్నూ తీసుకెళ్ళండే. నా వేషం వేసుకున్నదాన్ని చూసొస్తాను" అంది. అన్నయ్య గతుక్కుమన్నాడు. చిన్ని దూరంగా నిలబడి, "మామ్మా, నీకు భయమెయ్యదూ?" అంది. "భయమేస్తే నీ చెయ్యి పట్టుకుంటాలే" అందావిడ. అది కాసేపు ఆలోచించి, దగ్గరికొచ్చి చెయ్యి ఇచ్చింది.

డేరా గుమ్మంలో టిక్కెట్లు చించే కుర్రాడు తెల్లచీరలో నిటారుగా నడిచొస్తున్న పెద్దమ్మను చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. టిక్కెట్టు డబ్బులు అడగడానికి కూడా నోరు రాలేదు పాపం! లోపల చివరి మలుపులో ఆ పిల్ల గజ్జెలు మోగించుకుంటూ మీదికి రాబోయి, ఎదురుగా ఇంకో తెల్లచీరను చూసి ఆగిపోయింది. ఎర్ర బల్బు కింద ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. పెద్దమ్మ ఆ పిల్ల చీర అంచు పట్టుకు చూసి, "తడి చీరతో ఎంతసేపు నిలబడతావే? అన్నం తిన్నావా?" అంది.

ఆ పిల్ల లేదని తల ఊపింది.

తిరిగొచ్చేటప్పుడు బొమ్మల కొట్లో పది రూపాయలు పెట్టి ఒక ఈల కొన్నాను. ఏ రంగుది కావాలో చిన్నే ఏరింది. దాన్ని ఆ పిల్ల మెడలో వేసి, యజమానిని పిలిచి చెప్పాను. కేక ఆయన వ్యాపారం, సరే. కానీ ఈల మోగిందంటే అది నటన కాదు. ఆ క్షణాన తెల్ల దీపం వెయ్యాలి, ఎవడి చెయ్యి ఎక్కడుందో అందరికీ కనిపించాలి. ఆయన తల గోక్కుని, పెద్దమ్మ వైపు ఒకసారి చూసి, సరేనన్నాడు. నేనూ ఆగి, ఆ దీపం స్విచ్చి ఎక్కడ బిగిస్తాడో చూసి మరీ వచ్చాను.

భయానికి టిక్కెట్టు 50 రూపాయలు. ధైర్యానికి పది రూపాయలూ, ఒక బల్బూ. అంతకుమించి ఖర్చేం లేదు.

సెలవులయ్యాక ఎగ్జిబిషను ఇంకో ఊరికి వెళ్ళిపోయింది. ఆ డేరా రేపు మీ ఊరికీ రావచ్చు. పిల్లలు అడిగితే తీసుకెళ్ళండి, తప్పేం లేదు. లోపల ఈల వినబడితే మాత్రం నవ్వకండి.